వాల్వ్ బాడీలకు చెమట పట్టిన వానకాలం

ఆ వానకాలమంతా నా నోట్లకెళ్ళి ఎక్కువ వచ్చిన మాట ఒక్కటే: "మళ్లీనా?"

పటాన్‌చెరు పారిశ్రామికవాడల ఒక ఉక్కు ఫౌండ్రీల నేను క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ను. డిప్లొమా కాంగనే చేరిన, ఇప్పటికి పదకొండేండ్లు. మేము ఎక్కువ పోసేది వాల్వ్ బాడీలు. ఆవిరి పైపుల నడుమ బిగించే డొల్ల అది. నడుమల పొట్ట ఉంటది, రెండు దిక్కుల మందపాటి అంచులుంటయి. ఇసుకతోని అచ్చు చేసి, దాంట్ల కరిగిన ఉక్కు పోస్తరు. చల్లారినంక అచ్చు పగలగొట్టి, అరగదీసి, మిషన్ మీద సాపు చేస్తరు. ఆఖరికి నా దగ్గరికి నీళ్ల పరీక్షకు వస్తది. అటు ఇటు మూతలు బిగించి, లోపల నీళ్లు నింపి, పంపుతోని ఒత్తిడి పెంచుతం. పైన పొడిగుడ్డతోని తుడిచి, టార్చి పట్టుకొని చుట్టూ తిరుగుత. ఎక్కడన్న చెమట పట్టినట్టు నీటిబొట్టు కనిపించిందంటే అది ఫెయిల్.

ఆ ఏడు తొలకరి పడ్డ వారంలనే మొదలైంది. కొత్త ఆర్డర్ బాడీలు పది వస్తే ఆరు చెమట పట్టినయి. అన్నీ ఒక్క తావుననే. పొట్ట పోయి అంచును కలిసే మూల ఉంటది చూడుండ్రి, అక్కడ.

ఆరింటికీ సున్నా చుట్టి ఎర్ర పెయింట్ పూసిన. మేనేజర్ సార్ వచ్చిండు. ఆయన చెడ్డ మనిషి కాదు, ఊకె తొందర పడే మనిషి. చేతిల ఫోన్ మోగుతనే ఉంటది.

"మేడం, వెల్డింగ్ పెట్టించుండ్రి. రేపు మళ్లీ టెస్ట్ చేయుండ్రి," అన్నడు.

"సార్, ఆరింటికి ఆరు ఒక్క దగ్గరనే కారుతున్నయి. ఎందుకో చూడకుంట వెల్డింగ్ పెడితే ఎట్ల?"

"కారేది ఆపుండ్రి ముందు. ఎందుకనేది తర్వాత చూద్దాం."

వెల్డర్ బీహార్ నుంచి వచ్చిన మనిషి. మంచి చెయ్యి. కారిన తావును గ్రైండర్‌తోని తవ్వి, వెల్డింగ్ నింపి, మళ్లీ సాపు చేసి ఇచ్చిండు. మూతలు బిగించి నీళ్లు పట్టిన. మొదటి తావు ఎండిపోయి గట్టిగ ఉంది. దానికి వేలెడు దూరంల కొత్త బొట్టు లేచింది. వెల్డర్ నన్ను చూసి, "ఫిర్ సే, మేడం?" అన్నడు, మళ్లీనా అని. అతని గొంతుల కోపం లేదు. నాకే అరికాలి మంట నెత్తికెక్కింది.

రెండోసారి వెల్డింగ్. మళ్లీ ఇంకో పక్క చెమట. మూడోసారీ అంతే.

కారణం మీద అందరికీ అభిప్రాయాలుండె. అచ్చుల షాపు ఫోర్‌మన్ మా పక్కూరాయన. నన్ను చెల్లె అంటడు. "చెల్లె, నా అచ్చు గట్టిగనే ఉంది. ఉక్కుల్నే ఏదో ఉన్నది," అన్నడు. ఫర్నేస్ దిక్కు పోతే ఇసుకల తడి ఉన్నదన్నరు. మిషన్ షాపు వాళ్లు మాకేం ఎరుక, మాకు ఇచ్చింది మేము చెక్కినం అన్నరు. పొద్దుగాల మీటింగ్‌ల రోజూ ఇదే పాట. ఒకరి మీదికెళ్ళి ఒకరి మీదికి తిరిగి తిరిగి ఆఖరికి అందరు నా దిక్కు చూసెటోళ్లు, నేను టెస్ట్ చేసుడే తప్పన్నట్టు.

ఇంటి దగ్గర కూడ నాకు సుఖం లేకుండె. కిష్టారెడ్డిపేటల మా అపార్ట్‌మెంట్‌ల మా అమ్మ నాతోనే ఉంటది. ఆమె వయసుల ఉన్నప్పుడు ఇప్పుడు ఈ ఫ్యాక్టరీలున్న భూములల్లనే కూలికి పోయింది. నేను చెప్పులు ఇడ్వకముందే, "ఇయ్యాల కూడ కారిందా?" అని అడిగేది.

"కారింది."

"ఇనుములకెళ్ళి నీళ్లెట్ల కారుతయే? ఇనుమైతే గట్టిగుంటది గద."

"అదేనమ్మా నేను కూడ అడుగుతున్న," అని నేను కసురుకునేది. ఆమె కంచంల అన్నం పెట్టి అటు తిరిగేది. నాకు ఇంకింత చిరాకు అయ్యేది, నా మీద నాకే.

గ్రైండర్‌తోని తవ్విన తావున చిన్న చిన్న గుంటలు కనిపించేవి. వానకాలం. ఇసుకల తడి, కరిగించే ఇనుప తుక్కుల తడి, గాల్ల తడి. కరిగిన ఉక్కుకు తడి తగిలిందంటే గ్యాస్ పుడతది, ఉక్కు గడ్డకట్టేటప్పుడు అది బుడగలై లోపలనే చిక్కుతది. రెండేండ్ల కింద ఒక వానకాలంల తడి తుక్కు వేసుడుతోని మాకు సరిగ్గ అదే తిప్పలైంది. ఇగ నా మనసుల ఖాయమైపోయింది. ఇది గ్యాసే. గ్యాస్ అంటే తప్పు ఫర్నేస్ దగ్గర.

ఫర్నేస్ దగ్గరున్న మెల్టర్ కోస్తా జిల్లాల నుంచి వచ్చిన పెద్దమనిషి. ఇరవై ఏండ్ల కింద ఈ దిక్కు ఫ్యాక్టరీల కొలువుకు వచ్చి, పటేల్‌గూడల ఇల్లు కట్టుకొని ఇక్కడివాడే అయిపోయిండు, మాట తప్ప. టెంపరేచర్ చూసే మీటర్ ఉన్నా ముందు కండ్లతోని చూసి ఎంతుంటదో చెప్పి, తర్వాత మీటర్ ముంచి చూసేది. అందాజు పెద్దగ తప్పేది కాదు. ఎవరి జోలికి పోడు. ఎవరన్న తన పనిల వేలు పెడితే ముఖం ముడుచుకుంటడు.

ఒక పొద్దు మీటింగ్‌ల, పది పన్నెండు మంది నిలబడి ఉండంగ, నేను అన్న: "సార్, ఇది మెల్టింగ్ తప్పు. ఉక్కుల గ్యాస్ ఉంటున్నది. తుక్కు ఎండబెట్టకుంట వేస్తున్నరు. లాడిల్ సరిగ కాల్చుతలేరు." లాడిల్ అంటే ఫర్నేస్ నుంచి ఉక్కును అచ్చుదాక మోసే పెద్ద గిన్నె.

మెల్టర్ నా దిక్కు చూసిండు. "నేనా?" అన్నడు. అంతే.

మీటింగ్ అయినంక నన్ను ఫర్నేస్ దగ్గరికి పిలిచిండు. పోత పోసే ముందు ఒక చిన్న ఇసుక కప్పుల ఇంత ఉక్కు పోసి పక్కన పెట్టిండు. అది ఎర్రగ, తర్వాత నల్లగ అయితాంటే ఇద్దరం నిలబడి చూసినం.

"చూడమ్మా. మధ్యలో కుంగింది కదా. గ్యాసుంటే ఇది పూరీలా పొంగేది. నా మెటల్లో గ్యాసు లేదు."

"చిన్న కప్పుల లేకపోవచ్చు సార్. అంత పెద్ద బాడీల సంగతి వేరే."

"రోజూ మూడు కప్పులు పోస్తున్నా. ఒక్కటి పొంగినా నా తప్పే అనుకో. పొంగలేదే."

నేను వినలే. ఆ కప్పు కండ్ల ముందు ఉంది, నేను చూసిన కూడ, కని నా మనసు ముందే తీర్పు చెప్పేసింది. మేనేజర్ సార్ నా మాటనే పట్టుకున్నడు, ఎందుకంటే ఆయనకు ఎవరో ఒకరు కావాలె. తుక్కంత షెడ్డులకు మార్పించిండు. లాడిల్‌ను రెట్టింపు సేపు కాల్చుమన్నడు. మెల్టర్ పక్కన ఒక సూపర్‌వైజర్‌ను నిలబెట్టి, ఆయన ఏం వేస్తున్నడో రాయించిండు. ఇరవై ఏండ్లు ఉక్కు కరిగించిన మనిషి పక్కన కాయితం పట్టుకొని నిలబడ్డ మనిషి. మెల్టర్ నాతోని మాట్లాడుడు బందువెట్టిండు. నేను ఎదురొస్తే పక్కకు తిరిగి పోయేది.

మూడు వారాలు గిట్లనే నడిచింది. ఎండిన తుక్కు, ఎండిన ఇసుక, ఎర్రగ కాలిన లాడిల్. ఆ పోతలు నా దగ్గరికి వచ్చినయి. మూతలు బిగించిన. నీళ్లు పట్టిన. ఎనిమిదిట్ల అయిదు కారినయి. అదే మూల.

ఆ పొద్దు నేను టార్చి కింద పెట్టి టెస్ట్ బెంచీ మీద కూసున్న. కోపం ఎవరి మీదనో తెలుస్తలేదు. ఎండబెట్టుమన్నది ఎండబెట్టిండ్రు, కాల్చుమన్నది కాల్చిండ్రు. గ్యాస్ అయితే ఎంతో కొంతన్న తగ్గాలె. జెరంత కూడ తగ్గలే. ఇగ నా లెక్కల్నే ఎక్కడనో తప్పున్నది.

మేనేజర్ సార్ దగ్గరికి పోయిన. "సార్, ఒక బాడీని నడుమకు కోద్దాం. లోపల ఏమున్నదో కండ్లతోని చూద్దాం."

ఆయన ఫోన్ మీదికెళ్ళి తల ఎత్తిండు. "కోసుడా? మంచి కాస్టింగ్‌ను కోసేస్తరా?"

"మంచిది కాదు సార్. మూడుసార్లు వెల్డింగ్ పెట్టినం. మూడుసార్లు కారింది."

"నాలుగోసారి ఆగచ్చు గద."

నాకు నవ్వాలో ఏడ్వాలో తెలవలే. "సార్, నెల రోజులసంది మనం లోపల చూడకుంట పైన మాట్లాడుకుంటున్నం. ఫోర్‌మన్ ఇసుక కాదంటడు, మెల్టర్ సార్ ఉక్కు కాదంటడు, నేను గ్యాస్ అన్న. ఎవ్వరం లోపలికి చూడలే. ఒక్కటి కోయనియ్యుండ్రి. లేకుంటే ఇగ నేను టెస్ట్ చేసుడెందుకు, ముందుగాలనే అన్నిటికి ఎర్ర పెయింట్ పూసి పెడత."

ఆయన ఫోన్ బల్ల మీద పెట్టి, "ఒక్కటే," అన్నడు.

మిషన్ షాపుల రంపం మీద పెట్టించిన. ఉక్కు మందం, నిదానంగ తెగుతది. పొద్దుగాల పెడితే మధ్యాహ్నం అన్నాల యాళ్లకు తెగింది. రెండు చెక్కలు పక్కకు జరిపి, కోసిన ముఖాన్ని గుడ్డతోని తుడిచిన. పొట్ట, అంచు కలిసే మూలల, మందం నడుమ, బొటనవేలంత బొంద. దాని చుట్టూ స్పాంజి లెక్క సన్న సన్న సందులు, పైదాక పాకినయి.

వేలు పెట్టి తడిమిన. గరుకు. లోపలంత ముండ్ల లెక్క, పటికబెల్లం లోపల ఉన్నట్టు పలుకులు పలుకులు.

నాకు వెంటనే అర్థమైంది. గ్యాస్ బుడగ అయితే గోడలు నున్నగ, గుండ్రంగ ఉంటయి. ఇది గ్యాస్ కాదు. ఉక్కు కుంచించుకపోయిన బొంద.

దీన్ని ఆ రోజు రాత్రి అన్నం తినుకుంట మా అమ్మకు చెప్తే ఆమెకు ఒక్క మాటల తెలిసింది. కరిగిన నెయ్యి డబ్బాల పోసి పెడితే పేరుకున్నంక నడుమ గుంట పడతది గద. చుట్టూ ముందు గట్టిపడతది, నడుమ ఆఖరికి గట్టిపడతది, గట్టిపడేది ఏదైనా కుంచించుకపోతది, అక్కడికి ఇంకింత నెయ్యి రాకపోతే గుంట మిగుల్తది. ఉక్కు కూడ అంతే. అందుకే మందం ఉన్న తావున అచ్చు పైన ఒక పెద్ద ఉక్కు ముద్దను పోసి పెడతరు. దాన్ని ఫీడర్ అంటరు. లోపల కుంచించుకపోతాంటే అది పైనుంచి కరిగిన ఉక్కును అందిస్తది. బాడీ మొత్తం గట్టిపడేదాక అది వేడిగ ఉండాలె. చల్లారినంక దాన్ని కోసేసి మళ్లీ ఫర్నేస్‌ల వేస్తరు. "అయితే పైన పోసేది తక్కువైంది," అన్నది అమ్మ. నేను తలూపిన.

రంపం దగ్గర నిలబడ్డప్పుడే నాకు ఆ అనుమానం వచ్చింది. పోయి అచ్చుల ఫోర్‌మన్‌ను తోలుకొచ్చిన. ఆయన వంగి చూసిండు. మీసం మీద చెయ్యి పెట్టుకున్నడు.

"అన్నా, ఈ బాడీకి ఫీడర్ ఎంతుంటది?"

"ఇదివరకు పెద్దగుండె చెల్లె. ఏడాది కింద చిన్నగ చేసిండ్రు. కోసి పారేసే ఉక్కు ఎక్కువైతున్నదని. నాకు కాయితం ఇచ్చిండ్రు, నేను అచ్చు తీసే ప్యాటర్న్ మార్చిన."

"ఎవరిచ్చిండ్రు కాయితం?"

"ఆఫీసుల్నే ఉంటది. చూడు పో."

పోయిన. ఫైళ్ల అలమరల వెతికితే దొరికింది. ఫీడర్ కొలత పాతది ఎంత, కొత్తది ఎంత. దానికింద మూడు సంతకాలు. ప్రొడక్షన్, మేనేజర్, క్వాలిటీ. క్వాలిటీ అన్న తావున ఉన్న సంతకం నాది.

ఆ సంతకం పెట్టింది నాకు యాదికి లేదు. ఆ వారంల అట్లాంటివి ఎన్నో వచ్చి ఉంటయి. నా బల్ల మీద పెట్టి, "మేడం, జల్దీ," అని ఉంటరు. నేను పెట్టి ఉంట. అప్పటి ఆర్డర్ల బాడీలకు గోడలు సన్నం, చిన్న ఫీడర్ సరిపోయింది. కొత్త ఆర్డర్ల అంచులు మందం పెరిగినయి. ఫీడర్ అదే ఉండిపోయింది. వానకాలానికి దీనికి ఏ సంబంధం లేదు. వాన, ఆర్డర్ ఒక్కసారి వచ్చినయి, అంతే.

అందరి మీద నెల రోజులు చిరాకు పడ్డ. ఆ చిరాకు ఇప్పుడు పెట్టుకునేతందుకు తావు లేకుంటయింది.

మెల్టర్ దగ్గరికి పోయిన. ఆయన డ్యూటీ దిగి సైకిల్ స్టాండ్ దగ్గర చేతి తొడుగులు దులుపుకుంటుండె.

"సార్, మీ ఉక్కుల తప్పు లేదు. ఫీడర్ చిన్నగైంది. ఆ కాయితం మీద నా సంతకమే ఉన్నది. నన్ను మాఫ్ చేయుండ్రి."

ఆయన తొడుగులు దులుపుడు ఆపలే. "ఇక్కడ చెప్తున్నావేంటమ్మా?"

"అంటే?"

"నా తప్పని ఎక్కడ చెప్పావు? పదిమందిలో కదా. ఒప్పు మాత్రం సైకిల్ స్టాండు దగ్గర చెప్తావా?"

ఆయన సైకిల్ తీసుకొని పోయిండు.

తెల్లారి మీటింగ్‌ల కోసిన చెక్కను బండి మీద తెప్పించి నడుమల పెట్టిన. పదకొండేండ్లల్ల నేను ఆ మీటింగ్‌ల తప్పు ఒప్పుకున్నది లేదు. ఆడమనిషి ఒక్కసారి తప్పు ఒప్పుకుంటే ఇగ దినాం ఆమెదే తప్పంటరని భయం నాకు. అయినా చెప్పిన. "మూడు వారాల కింద ఇక్కడనే నిలబడి మెల్టింగ్ తప్పన్న. అది తప్పు మాట. ఫీడర్ తగ్గించిన కాయితం ఇది. క్వాలిటీ దిక్కు సంతకం నాది. మెల్టర్ సార్ రోజూ కప్పు పోసి చూపించిండు, నేను చూసి కూడ వినలే."

మేనేజర్ సార్ కాయితం అందుకొని, తన సంతకం కూడ చూసుకొని, గొంతు సవరించుకున్నడు. మెల్టర్ మాత్రం ముందుకు వచ్చి, చెక్క దగ్గర కూసొని, బొందల వేలు పెట్టి చూసిండు.

"ఫీడరు పెంచితే సరిపోదు," అన్నడు, నన్ను చూడకుంటనే. "మూల దగ్గర అచ్చులో ఇనప దిమ్మలు పెట్టండి. అక్కడ వేడిని అవి లాగేస్తాయి. మూల ముందు గట్టిపడుతుంది, ఫీడరు ఆఖర్న గట్టిపడుతుంది. నేను కూడా కొంచెం తక్కువ వేడి మీద పోస్తాను."

ఫోర్‌మన్ వారం రోజులల్ల ప్యాటర్న్ మార్పించిండు. దిమ్మలకు తుప్పుండద్దు, తడి ఉండద్దు, ఉంటే నిజంగనే గ్యాస్ వస్తది. అందుకే అచ్చు మూసే ముందు నేను పోయి ఒక్కొక్కదాన్ని చేతితోని తడిమి చూసేదాన్ని. "చెల్లె, నన్ను నమ్మవా?" అని ఆయన గులిగేది. "నన్నే నేను నమ్ముత లేనన్నా," అన్న.

కొత్త పోతలు పది వచ్చినయి. మొదటిదానికి ఒత్తిడి పెంచి మూడుసార్లు చుట్టూ తిరిగిన. పొడిగ ఉంది. పదింటికి పది పొడిగనే ఉన్నయి. వెల్డర్ నా పక్కకు వచ్చి నిలబడి, ఇయ్యాల తనకు పని లేదా అన్నట్టు చేతులు చూపిచ్చిండు. కారిన పాత బాడీలన్ని తుక్కు కిందికి పోయినయి. మెల్టరే వాటిని మళ్లీ కరిగించిండు. మేనేజర్ సార్ మీటింగ్‌ల అందరం కలిసి సాధించినమన్నడు. నేను పండ్లు కొరుక్కున్న.

మెల్టర్ నాతోని మాట్లాడుడు మొదలువెట్టేతందుకు దీపావళి దాక పట్టింది. అది కూడ పని మాటలే.

మొన్న ఎండాకాలం మేనేజర్ సార్ ఇంకో కాయితం తెచ్చిండు. వేరే పంపు బాడీకి ఫీడర్ తగ్గియ్యాలె, దానికి అంత అవసరం లేదు అని. నాకు ఒంటికి కారం రాసుకున్నట్టయింది. మెల్టర్‌ను, ఫోర్‌మన్‌ను పిలుచుకొని ముగ్గురం ఆయన ముందుకు పోయినం. ముగ్గురం ఒక్క మాట మీద నిలబడ్డది అదే మొదటిసారి.

"చిన్న ఫీడర్‌తోని ఒక్కటి పోసి, కోసి చూసినంకనే సంతకం," అన్న.

"మీతోని పెద్ద పరేషాన్ మేడం," అన్నడు, కని ఒప్పుకున్నడు.

పోసినం. కోసినం. నేను భూతద్దం పెట్టుకొని కోసిన ముఖం మీద అరగంట వెతికిన. బొంద లేదు, స్పాంజి లేదు, వెంట్రుకంత సందు లేదు. ఫీడర్ నిజంగనే అవసరానికి మించి పెద్దగ ఉండె. ఈసారి సార్ చెప్పిందే కరెక్ట్.

మెల్టర్ నా పక్కన వంగి చూసి, "బాగుందమ్మా," అన్నడు. "కోపంగా ఉందా?" అని అడిగిండు.

"ఉన్నది సార్," అని సంతకానికి పెన్ను తీసిన.